చెయ్యి అందే ఎత్తు

మొన్న గుడివాడలో మా ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వీధి వరండాలో ఉన్న మీటరు బోర్డుని లోపలి గోడకి మార్చాలి, మేడ మీద కొత్తగా వేసిన గదికి లైను లాగాలి. గోడని ఎగాదిగా చూసి, "స్లాబుకి ఆనించి పైన పెట్టేద్దామండీ, ఎవరికీ కనపడదు, లుక్కు బాగుంటది" అన్నాడు. అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "పైన పెట్టావో, నీ సామాను వీధిలో ఉంటుంది!" అని అరిచాను. ఆ మనిషి బిత్తరపోయాడు. మా కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైందత్తయ్యా, మీరెవర్నీ ఇలా అనరుగా?" అంది. అంటాను, ఆ పిల్ల ఎదుట అననంతే. ఏం చెప్పను? బాబాయి గుర్తొచ్చాడంటే ఏ బాబాయి అంటుంది. చెప్పడం మొదలుపెడితే ఏడుస్తానని తెలుసు. లోపలికెళ్లి, చెప్పకుండానే ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. అప్పట్లో మేం బందరులో ఇంగ్లీషుపాలెంలో ఉండేవాళ్లం. నేను స్కూల్లో టీచర్ని, మా ఆయన గుమాస్తా. బాబాయి మా చర్చికి వచ్చే వైరింగు మేస్త్రీ. చర్చి మొత్తానికీ ఆయన బాబాయే. పాస్టరు గారికీ బాబాయే, తన కంటే పెద్దవాళ్లకీ బాబాయే. అసలు పేరు పెట్టి పిలిచిన వాళ్లని నేను వినలేదు, ఇప్పుడు నేనెందుకు మొదలెట్టాలి? ఆయన మాత్రం ఆడవాళ్లందర్నీ "అమ్మాయ్" అనేవాడు. పళ్లూడిన ముసలమ్మలు కూడా ఆయన నోట అమ్మాయి అనిపించుకుని మురిసిపోయేవాళ్లు. అందులో మా అత్తగారు మొదటి వరస.

మనిషి తాటిచెట్టంత పొడుగు. ఎవరింటికొచ్చినా గుమ్మంలో తల వంచాల్సిందే. పైకి మడిచి కట్టిన పంచె, ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్సిలు, భుజాన టార్పాలిన్ గుడ్డతో కుట్టించుకున్న సంచి. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే ఆయన మాత్రం మెడ ఎత్తి, మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు వంక చూస్తూ ఉండేవాడు. నాకెలా తెలుసంటారా? నేనూ మూసుకునేదాన్ని కాదు. ఆమెన్ అనడం ఆలస్యం, స్టూలేసుకుని ఎక్కేసేవాడు. ఒకసారి పాస్టరు గారు ఇంకా ఆశీర్వాదం ఇస్తూ ఉండగానే ఎక్కాడు. "దేవుడు ఆగుతాడు గానీ ఆ స్టార్టరు ఆగదండీ" అన్నాడు పైనుంచి. చర్చంతా నవ్వింది, పాస్టరు గారు కూడా.

ఆయన సంచిలో రెండో జత రబ్బరు చెప్పులుండేవి, న్యూస్‌పేపర్లో చుట్టి. అవి ఇంట్లోకి. వీధి చెప్పులు బయట విప్పి, ఆ జత కాళ్లకేసుకుని, దర్జాగా వంటింట్లోకైనా వెళ్లేవాడు. మడికట్టుకునే ఇళ్లలో పెద్ద రభస. "చెప్పులతో వంటింట్లోకా!" అంటే, "ఇవి వీధి చూడని చెప్పులమ్మాయ్, మీ పీట కంటే శుభ్రం. కాదంటే చెప్పండి, వెళ్లిపోతాను, మీరే ఎక్కి చూసుకోండి" అనేవాడు. నిజంగానే సంచి భుజాన వేసుకునేవాడు. చివరికి వాళ్లే దిగొచ్చేవాళ్లు. పొగరు మనిషి. ఆ పొగరంటే నాకు భలే ఇష్టంగా ఉండేది.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజులు ఊడబెరికి చొక్కా జేబులో వేసుకునేవాడు. తను తీగ పట్టుకున్నప్పుడు ఎవడో వచ్చి అత్యుత్సాహంగా మళ్లీ పెట్టకుండా. మంచి పద్ధతే, కాదనను. కాకపోతే పనైపోయాక ఒక్కోసారి ఆ ఫ్యూజులు జేబులోనే ఉండిపోయేవి. ఆయన ఇంటికెళ్లి అన్నం తింటూ ఉండేవాడు, ఇక్కడ ఇల్లంతా ఉక్కపోతలో ఉడుకుతూ ఉండేది. మనిషిని పంపితే క్షమాపణ గట్రా ఏమీ ఉండేది కాదు. "నా జేబులో ఉన్నంతసేపూ మీకెవరికీ ఏమీ కాదుగా, కంగారెందుకు?" అనేవాడు.

దివిసీమ ఉప్పెనకి ముందు ఏడాది మా ఇంట్లో పని పడింది. వరండాని మూసి గది చేద్దామనుకున్నాం. అక్కడున్న మీటరు బోర్డుని హాల్లోకి మార్చాలి, కొత్త గదికి ఒక లైటూ ఫ్యానూ రావాలి. బాబాయి గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి, గోడ కూడా చూడకుండా, "ఈ ఇంట్లో అందరికంటే పొట్టి ఎవరమ్మాయ్?" అన్నాడు.

మా అత్తగారికి తన పొట్టితనం మీద ఎవరైనా మాటంటే ఒళ్లు మంట. "ఎందుకూ, ఏమైనా సంబంధం తెచ్చావా?" అంది చేటలో బియ్యం ఏరుతూ.

"అయితే మీరేనన్నమాట. చేట కింద పెట్టి ఇలా రండి."

గోడకి వీపు ఆనించి నుంచోబెట్టాడు. చెయ్యి పైకెత్తమన్నాడు. ఆవిడ పంతానికి మునికాళ్ల మీద లేచింది. "మడమలు దించాలి! దొంగ లెక్క పనికిరాదు" అని గదమాయించాడు. ఎత్తిన చేతి మణికట్టు దగ్గర పెన్సిలుతో గోడ మీద గీత పెట్టాడు. మెయిన్ స్విచ్చి పిడి ఆ గీత దాటి పైకి పోకూడదు. అదీ ఆయన పద్ధతి. ఏ ఇంటికెళ్లినా అంతే, ఆ ఇంట్లో అందరికంటే పొట్టి మనిషి చెయ్యే ఆయనకి టేపు.

"వేళ్లు ఇంకా పైదాకా అందుతున్నాయిగా బాబాయ్, అక్కడ పెట్టొచ్చుగా. పిల్లలు ముట్టుకోకుండా ఉంటారు" అన్నాడు మా ఆయన.

"వేలి కొస తగిలితే లాభం లేదబ్బాయ్, గుప్పెటతో పట్టి కిందకి లాగాలి. కంగారులో ప్రతి మనిషీ పొట్టయిపోతాడు. పిల్లలకి చెప్తే వింటారు. చావుకి చెప్తే వినదు."

కొత్త గదికి పాత బల్బు దగ్గర్నుంచి ఒక ముక్క అతికించి లాగేస్తే అయిపోతుందిగా అని మా ఆయన ఇంకో సలహా ఇచ్చాడు. సలహాలివ్వడంలో ఆయనది ధారాళమైన చెయ్యి. బాబాయి వినిపించుకోలేదు. కొత్త గదికి బోర్డు నుంచే కొత్త తీగ, దానికి వేరే ఫ్యూజు, మధ్యలో అతుకన్నది ఉండకూడదు. మీటరు సీలు తీయడానికి డిపార్టుమెంటు మనిషి వచ్చేదాకా మీటరు మీద వేలు కూడా పెట్టలేదు. పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గులూ ఉప్పూ పోసి ఎర్తు వేశాడు. ఎండాకాలం రోజూ అందులో ఒక చెంబుడు నీళ్లు పోసే ఉద్యోగం మా అత్తగారికి అప్పజెప్పాడు.

"ఇదంతా ఎందుకయ్యా?" అంది ఆవిడ.

"కరెంటు మన ఇంటి అల్లుడు లాంటోడమ్మాయ్. వచ్చే దారి చూపించాలి, వెళ్లే దారి చూపించాలి. అలిగితే ఎటు పోవాలో అది కూడా మనమే చూపించాలి. అదీ ఈ గొయ్యి. ఆ మూడో దారి లేకపోతే మన మీద పడతాడు."

పనంతా అయిపోయింది, లైటు వెలిగింది, అందరం మెచ్చుకున్నాం. అత్తగారు వంటింట్లో పులుసు కలుపుతోంది. ఉన్నట్టుండి కొత్త గదిలోంచి "తీగకి అంటుకున్నానూ!" అని గావుకేక. మా ఆయన కొయ్యబారిపోయాడు. అత్తగారు మాత్రం చేతిలో గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, పిడి పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇల్లంతా ఆరిపోయింది. గదిలోంచి బాబాయి నింపాదిగా బయటికొచ్చాడు. "బతికాను. ఇంక టీ పెట్టండి" అన్నాడు. ఆవిడ గరిటె ఎత్తింది కొట్టడానికి, పులుసు ఆయన ఖాకీ చొక్కా నిండా. ఏ ఇంట్లో పని చేసినా ఆ కేక వెయ్యకుండా వెళ్లేవాడు కాదట. నాకు చాలా రోజులు తల్చుకుంటే నవ్వొచ్చేది.

ఆయనకి ఒక్కతే కూతురు. తండ్రి పొడుగూ రాలేదు, నోరూ రాలేదు. చర్చిలో నా పక్కనే కూర్చునేది, పాట పాడితే పక్కనున్న నాకే వినపడేది కాదు. అంత మెత్తన. ఆ పిల్ల గురించి ఆయనకొక బెంగ ఉండేది. పెళ్లి చీరలు కొనడానికి వెళ్లొచ్చి, నేరుగా మా ఇంటికొచ్చి కూలబడ్డాడు. "ఏం పిల్లమ్మాయ్ ఇది! కొట్టువాడు మొదట తీసిన చీరే బాగుందంది. ఇంకోటి చూపించమనలేదు, రంగు బాలేదనలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే. అది కావాలి నాన్నా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడక్కపోతే నేనేం ఇవ్వను?" అన్నాడు. కోపంగా అన్నాడు గానీ కళ్లల్లో నీళ్లున్నాయి.

నాగాయలంక దాటాక ఒక ఊళ్లో ఇచ్చారు పిల్లని. అల్లుడు రైసు మిల్లులో పని, అత్తా మామా మంచివాళ్లు, చిన్న డాబా ఇల్లు. పెళ్లయిన నెలలోనే బాబాయి స్వయంగా వెళ్లి ఆ ఇంటికి వైరింగు చేసి వచ్చాడు. వియ్యపురాలు మా అత్తగారి కంటే పొట్టి అని నవ్వుతూ చెప్పాడు. బోర్డు ఆవిడ చేతికి సరిపెట్టాడు. కేక కూడా వేశాడట. ఆవిడ పరిగెత్తుకొచ్చి పిడి లాగాక, భయంతో అరగంట వణికిందట.

తరవాత ఉప్పెన వచ్చింది. దివిసీమ వాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పినా అర్థం కాదు. బందరులో చెట్లూ స్తంభాలూ రోడ్ల మీద అడ్డంగా పడున్నాయి. బస్సుల్లేవు. బాబాయి చల్లపల్లి దాకా ఏదో లారీ పట్టుకుని, అక్కణ్నుంచి నడిచి వెళ్లాడు. దారిలో చూసినవి ఆయన ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. కూతురు బతికే ఉంది. అల్లుడూ వియ్యపురాలూ బతికే ఉన్నారు, డాబా ఎక్కారు కాబట్టి. వియ్యంకుడు లేడు.

ఉప్పెన తరవాత బందరులో ఒక పిచ్చి పట్టుకుంది. ఇంట్లోకి నీళ్లొచ్చిన వాళ్లూ, రాని వాళ్లూ, అందరూ బోర్డులు పైకెక్కించడం మొదలుపెట్టారు. నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా మరక వదిలాయో, ఆ మరకకి పైన. కొందరు దూలాల దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లనీ తప్పు పట్టలేం, కళ్లారా చూసిన భయం అది. బాబాయి మాత్రం ఒప్పుకోలేదు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయించే ఒక షావుకారు మనిషిని పంపించి మరీ తన ఇంటికి పిలిపించుకుని, అటక మీద పెట్టమన్నాడు. "నీళ్లు మీ జన్మకి ఇంకోసారి వస్తాయో రావో. కరెంటు రోజూ వస్తుంది. రోజూ వచ్చేదానికి కదండీ భయపడాలి!" అని బాబాయి వీధిలో నుంచుని వాదించి, పని వదిలేసి వచ్చేశాడు. ఆ పని ఇంకొకడు చేశాడు. అలా ఎన్ని ఇళ్లో. "మీ బాబాయికి లోకమంతా తప్పూ, తనొక్కడే ఒప్పూను" అని ఆయన భార్య చర్చి మెట్ల మీద నా దగ్గర వాపోయేది. ఎవరొచ్చి అడిగినా ఆయనది ఒకటే మాట. ఇంట్లో అందరికంటే పొట్టి ఎవరు?

మరుసటి వేసవికి నాగాయలంక వైపు మళ్లీ లైన్లు వేశారు. కూతురి ఇంట్లో పాత బోర్డు ఉప్పునీళ్లలో నాని పాడైపోయింది. బాబాయి కొత్త సామాను తీసుకుని వెళ్లాడు, భార్యని కూడా తీసుకెళ్లాడు. అక్కడ జరిగింది ఆవిడే నాకు చెప్పింది. ఆయన అలవాటు ప్రకారం పెన్సిలు తీసి, "రండి చెల్లెమ్మా" అని వియ్యపురాల్ని గోడ దగ్గరికి పిలిచాడట. కూతురు అడ్డం వచ్చింది.

"నాన్నా, దాని పైన పెట్టు" అంది. గుమ్మం పైన గోడ మీద నీళ్లు వదిలిన మరక చూపించింది.

"అక్కడికి మీ అత్తగారి చెయ్యి అందదు తల్లీ. నీ చెయ్యీ అందదు."

"నీళ్లకీ అందదు కదా."

ఆయన నవ్వి, ఊరందరికీ చెప్పిన మాటే మళ్లీ చెప్పబోయాడు. ఆ పిల్ల విన్లేదు. జీవితంలో మొదటిసారి తండ్రి మాటకి అడ్డం పడింది.

"ఆ రోజు నేను మంచం మీద నుంచున్నాను నాన్నా. నీళ్లొస్తున్నాయి. బోర్డు మునిగిపోతోంది. నువ్వే చెప్పేవాడివిగా చిన్నప్పటి నుంచీ, నీళ్లూ కరెంటూ కలిసిన చోట అడుగు పెట్టకమ్మా అని. నాకదే గుర్తొచ్చింది. కరెంటు పొద్దున్నే పోయింది దిగు దిగు అని అందరూ డాబా మీంచి అరుస్తున్నారు. నా కాలు దిగలేదు. మావయ్యగారు నా కోసం మళ్లీ కిందకి వచ్చారు. నన్ను మెట్ల మీదకి తోశారు. ఆయన రాలేదు." మళ్లీ ఆ మరక చూపించి, "నాకు రోజూ ఆ బోర్డే కనపడుతోంది నాన్నా. పైన పెట్టు. ఇదొక్కటి చెయ్యి" అంది.

వియ్యపురాలు, మొగుణ్ని పోగొట్టుకున్న ఆ తల్లి, కోడల్ని దగ్గరికి తీసుకుని, "పెట్టెయ్యి అన్నయ్యా, పిల్ల నిద్దరోతది. దీనికి నిద్దర లేక ఎన్నాళ్లయిందో" అంది.

బాబాయి చాలాసేపు సంచి మీద చెయ్యేసుకుని కూర్చున్నాడట. తరవాత లేచి, మరక పైన బోర్డు బిగించాడు. తీగలన్నీ కొత్తవి వేశాడు, ఎర్తు బాగా లోతుగా దింపాడు. సరిగ్గా బోర్డు కింద గోడకి ఆనించి ఒక కొయ్య స్టూలు పెట్టి, "ఇది ఇక్కణ్నుంచి కదలకూడదు. దేవుడు దిగొచ్చినా దీని మీద కూర్చోబెట్టకండి" అన్నాడు. కేక మాత్రం వెయ్యలేదు. బస్సులో బందరు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కూతురు నిజంగానే ఆ రాత్రి నుంచి నిద్రపోయిందని ఉత్తరం వచ్చిందట.

ఏడాది దాటింది. కూతురి వాళ్ల పెరట్లో ఒక సాయంత్రం ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. వచ్చినవాళ్లకి వెలుతురు కావాలని, ఊళ్లో ఒకతను హాల్లో ప్లగ్గు నుంచి తీగ లాగి, బట్టలారేసే ఇనప తీగకి చుట్టుకుంటూ తీసుకెళ్లి బల్బు కట్టాడు. పొడుగు చాలక మధ్యలో ఒక అతుకు వేశాడు, దాని మీద గుడ్డపీలిక చుట్టాడు. పాస్టరు గారికి కూర్చోడానికి కుర్చీ లేకపోతే ఎవరో స్టూలు తీసుకెళ్లి వేశారు. పాటలు పాడారు, ఉప్పెనలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చేశారు. మర్నాటికి పక్క వీధిలో కూడిక ఉందని స్టూలు అటు వెళ్లింది. ప్లగ్గు స్విచ్చి ఎవరూ ఆపలేదు. బల్బు విప్పుకుపోయారు, తీగ ఉండిపోయింది. ఇందులో ఎవర్ని తిట్టను చెప్పండి? తిట్టడానికి ఎవరైనా దొరికితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

పొద్దున్న మంచులో గుడ్డపీలిక తడిసింది. అల్లుడు మిల్లుకి వెళ్లిపోయాడు. ఆ పిల్ల బట్టలుతికి, తడి చేతుల్తో ఆరెయ్యడానికి ఇనప తీగ పట్టుకుంది.

మేం మధ్యాహ్నానికి వెళ్లాం, చర్చి వాళ్లందరం ఒకే బస్సులో. మోపిదేవి గుడి దగ్గర భక్తులు ఎక్కి నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకుంటుంటే నాకు వాళ్ల మీద అకారణంగా కోపం వచ్చింది. ఇంటి ముందు తాటాకు పందిరి వేశారు. పిల్లని చాప మీద పడుకోబెట్టారు, చీర కొంగు ఇంకా తడిగానే ఉంది. వియ్యపురాలు వచ్చిన ప్రతి మనిషినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తోంది. బోర్డు కింద నుంచుని చెయ్యి పైకెత్తి చూపిస్తోంది.

"ఇక్కడికే వచ్చాను తల్లీ. స్టూలు లేదు. ఎగిరాను. అందలేదు. బిందె బోర్లించి ఎక్కాను. ఇంత, ఇంత తక్కువయింది. బిందె దొర్లింది. అత్తయ్యా అంటందమ్మా నా పిల్ల, అత్తయ్యా అని ఒక్కసారే అంది."

ప్లగ్గు స్విచ్చి ఆపొచ్చుగా, కర్రతో కొట్టొచ్చుగా, ఎండు గోనె వేసి లాగొచ్చుగా అని పందిట్లో గుసగుసలు. ముందు లేని తెలివి అందరికీ ఇప్పుడే వచ్చేసింది. ఆ ముసలమ్మకి తెలిసిందల్లా ఒక్కటే, ఏదైనా అయితే వచ్చి ఆ పిడి లాగమని. అది చెప్పిందీ బాబాయే. ఎవరో చుట్టం, మెల్లగా అంటున్నాననుకుని, "తండ్రి పెట్టిన బోర్డేగా" అన్నాడు. బాబాయి విన్నాడు. నేను ఆయన మొహంలోకి చూడలేక తల తిప్పుకున్నాను.

మూడో రోజు ప్రార్థన అయ్యాక ఆయనే బోర్డు దించాడు. వియ్యపురాలు అడక్కుండానే వెళ్లి గోడకి వీపు ఆనించి చెయ్యెత్తింది. ఆయన పెన్సిలు పట్టుకుని నుంచున్నాడు, గీత పెట్టలేకపోతున్నాడు. అల్లుడు వచ్చి ఆ పెన్సిలు తీసుకుని గీత పెట్టాడు. "మావయ్యా, మీరు కూర్చోండి" అన్నాడు. ఆ ఒక్క మాట అన్నందుకు ఆ అబ్బాయికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఆ తరవాత బందరులో జనం వాళ్లంతట వాళ్లే వచ్చి, బోర్డులు కిందకి దించమని ఆయన్ని పిలిచారు. చిలకలపూడి షావుకారూ పిలిచాడు. ఆయన వెళ్లాడు, అందరివీ దించాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అంత పొడుగు మనిషి, గుమ్మం దాటాక కూడా తల ఎత్తేవాడు కాదు. చెప్పుల గురించి ఎవరైనా సణిగితే ఉన్న జత కూడా విప్పేసేవాడు. ఇంకెప్పుడూ ఎవర్నీ "అమ్మాయ్" అని పిలవలేదు. నన్ను టీచరుగారూ అన్నాడు. బాబాయ్, నేనెప్పుడు టీచరుగార్నయ్యాను అని అడుగుదామనుకున్నాను.

ఆ ఏడు వానాకాలం మొదట్లో మా ఫ్యాను ఆగిపోతే వచ్చాడు. బాగుచేసి, చేతులు కడుక్కుని, హాల్లో నేల మీద కూర్చున్నాడు. మా ఆయన ఆఫీసుకెళ్లాడు. అత్తగారు టీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడకి మనసులో ఒకటీ పైకి ఒకటీ ఉండదు. నేను కళ్లతో వారిస్తూనే ఉన్నాను, అయినా అడిగేసింది.

"ఊరందరికీ కాదన్నవాడివి, పని పోయినా కాదన్నావే. పిల్ల అడిగితే మాత్రం ఎలా పెట్టావయ్యా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఊరందరూ అదే అనుకుంటున్నారమ్మా. మొహం మీద అడిగింది మీరొక్కరే" అన్నాడు. "పాస్టరు గారు చెప్పారు, నీ తప్పు లేదు, నీకు తెలియక చేశావని దేవుడికి తెలుసు అని. ఆయన మంచికే చెప్పారు. కానీ నాకు తెలుసమ్మా. మేకు కొడుతున్నప్పుడు కూడా తెలుసు. ప్రతి మేక్కీ తెలుసు."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోనీ బుద్ధొచ్చిందా అంటే, అదీ లేదు. నాకు భయమేస్తోందమ్మా. ఇప్పుడు ఆ పిల్ల లేచొచ్చి ఈ గుమ్మంలో నుంచుని, నాన్నా పైన పెట్టు అంటే, ఇంత జరిగాక, అన్నీ తెలిసి, మళ్లీ పెడతాను. కాదని చెప్పడం ఇప్పటికీ నాకు చేతకాదు."

అలా అని గ్లాసు తీసుకుని, చల్లారిపోయిన టీ మొత్తం తాగాడు. సంచి సర్దుకున్నాడు. మేమిద్దరం గుమ్మం దాకా వెళ్లాం గానీ, వెళ్లొస్తానని ఆయన అనలేదు, వెళ్లి రమ్మని మేమూ అనలేకపోయాం.